పాత యంత్రం, పొడవాటి కేబుల్: ఎన్‌కోడర్ సిగ్నల్‌ను ఏ రూపంలో పంపాలి?

సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) యంత్రాన్ని రెట్రోఫిట్ చేసేటప్పుడు, అంటే పాత యంత్రానికి కొత్త ఎలక్ట్రానిక్స్ అమర్చేటప్పుడు, ఏ డ్రైవ్ కొనాలి, ఏ కంట్రోలర్ పెట్టాలి అన్నదాని మీద ఎంతో చర్చ జరుగుతుంది కానీ, మోటారు వెనక ఉండి దాని తిరుగుడును పల్స్‌లుగా చెప్పే ఎన్‌కోడర్ నుంచి కంట్రోల్ ప్యానెల్ దాకా సిగ్నల్ ఏ రూపంలో ప్రయాణించాలన్నది చాలాసార్లు చేతికి దొరికిన కేబుల్‌ను బట్టి తేలిపోతుంది. మూడు నాలుగు మీటర్ల దూరంలో ప్యానెల్ ఉన్న చిన్న మిల్లింగ్ యంత్రానికి అలా తేలినా పని నడుస్తుంది. అదే పద్ధతిని హారిజాంటల్ బోరింగ్ యంత్రానికో, ప్లానో మిల్లర్‌కో వర్తింపజేస్తే నడవదు. అక్కడ కేబుల్ మోటారు దగ్గర బయలుదేరి, కదిలే కేబుళ్లను మోసే డ్రాగ్ చైన్‌లో పడి, కాలమ్ ఎక్కి దిగి, నేలలోని ట్రెంచ్ గుండా ప్యానెల్‌కు చేరేసరికి 25 నుంచి 30 మీటర్లు తేలికగా అవుతుంది. బాలానగర్, జీడిమెట్ల, విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల పాత యంత్రాల పోత ఇనుము ఇంకా గట్టిగా ఉందని, ఎలక్ట్రానిక్స్ మాత్రం మార్చుకుంటే చాలని భావించే వర్క్‌షాపుల వారికి ఈ ఎంపిక ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది.

నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. 30 మీటర్ల దూరం దానంతట అది సమస్య కాదు. సిగ్నల్ ఎన్‌కోడర్‌ను విడిచి బయలుదేరే రూపమే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. అందువల్ల పెట్టగలిగిన డబ్బు, శ్రమ ఎన్‌కోడర్ ఉన్న వైపు పెట్టాలి. బలహీనంగా బయలుదేరిన సిగ్నల్‌ను ప్యానెల్ దగ్గర ఫిల్టర్లతోనూ, ఫెర్రైట్ రింగులతోనూ బాగుచేయాలని చూడటం వల్ల పోయిన అంచులు తిరిగి రావు.

ముందు ఫ్రీక్వెన్సీ లెక్క

ఏ రకం సిగ్నల్ సరిపోతుందో చెప్పాలంటే యంత్రం అత్యధిక వేగంతో కదిలేటప్పుడు ఒక్కో ఛానల్ మీద ఎన్ని పల్స్‌లు వస్తాయో తెలియాలి. ఈ వ్యాసమంతటికీ ఒకే ఉదాహరణ తీసుకుందాం. మోటారు ఒక చుట్టు తిరిగితే అక్షం 5 మిల్లీమీటర్లు కదులుతుంది, రాపిడ్ (కోత లేకుండా కదిలే గరిష్ఠ) వేగం నిమిషానికి 10 మీటర్లు, ఎన్‌కోడర్ 2500 లైన్లది, కేబుల్ 30 మీటర్లు. రాపిడ్‌లో మోటారు నిమిషానికి 2000 చుట్లు, అంటే సెకనుకు సుమారు 33.3 చుట్లు తిరుగుతుంది. దానిని 2500తో గుణిస్తే ఒక్కో ఛానల్ మీద దాదాపు 83 కిలోహెర్ట్జ్ వస్తుంది. పావు ఆవృత్తి తేడాతో వచ్చే ఏ (A), బీ (B) అనే రెండు ఛానళ్ల నాలుగు అంచులనూ లెక్కించే క్వాడ్రేచర్ కౌంటర్‌కు సెకనుకు మూడు లక్షల ముప్ఫై వేల పైచిలుకు కౌంట్లు చేరతాయి, ఒక్కో కౌంట్ అర మైక్రానుకు సమానమవుతుంది.

ఇందులో గుర్తుంచుకోవలసిన సంఖ్య ఇంకొకటి ఉంది. 83 కిలోహెర్ట్జ్ వద్ద ఒక పూర్తి ఆవృత్తి 12 మైక్రోసెకన్లు, ఏ ఛానల్ అంచుకూ బీ ఛానల్ అంచుకూ మధ్య ఎడం అందులో నాలుగో వంతు, అంటే 3 మైక్రోసెకన్లు. కేబుల్ ఆ 3 మైక్రోసెకన్లను ఎంతవరకు కాపాడుతుందన్నదే ఈ పోలికకు అసలు కొలబద్ద.

ఓపెన్ కలెక్టర్: దూరానికి పనికిరానిది

తక్కువ ధర ఎన్‌కోడర్లలో ఎక్కువ భాగం ఎన్‌పీఎన్ ఓపెన్ కలెక్టర్ అవుట్‌పుట్‌తో వస్తాయి. లోపలి ట్రాన్సిస్టర్ తీగను సున్నాకు లాగగలదు కానీ పైకి నెట్టలేదు. పైకి లేపే పని ప్యానెల్ వైపు ఉన్న పుల్‌అప్ రెసిస్టర్‌దే. ఆ రెసిస్టర్ పైకి లేపవలసినది ఒక్క తీగను మాత్రమే కాదు, ఆ తీగకూ షీల్డ్‌కూ, పక్క తీగలకూ మధ్య ఉన్న కెపాసిటెన్స్‌ను కూడా. షీల్డ్ ఉన్న సాధారణ కేబుల్‌లో ఇది మీటరుకు సుమారు 100 పికోఫారడ్‌లు ఉంటుందనుకుంటే 30 మీటర్లకు 3000 పికోఫారడ్‌లు అవుతుంది. పుల్‌అప్ 2.2 కిలోఓములు అయితే టైమ్ కాన్‌స్టంట్ 6.6 మైక్రోసెకన్లు. 5 వోల్టుల సరఫరాలో సిగ్నల్ సున్నా నుంచి 2 వోల్టుల దాకా లేవడానికి దాదాపు 3.4 మైక్రోసెకన్లు పడుతుంది, కిందికి దిగడం మాత్రం క్షణంలో జరిగిపోతుంది.

ఇప్పుడు మన ఉదాహరణలో ఏం జరుగుతుందో వరుసగా చూద్దాం. ఏ ఛానల్ సున్నా వద్ద లేవాలి, బీ ఛానల్ 3 మైక్రోసెకన్లకు లేవాలి, ఏ 6కు దిగాలి, బీ 9కి దిగాలి. కానీ ఏ నిజంగా లేచేది 3.4 వద్ద, బీ లేచేది 6.4 వద్ద. బీ లేచేసరికి ఏ అప్పటికే దిగిపోయింది. రెండు ఛానళ్లూ కలిసి పైన ఉండే సమయమే లేకుండా పోతుంది. అప్పుడు క్వాడ్రేచర్ కౌంటర్ ఏ లేచినప్పుడు ఒకటి కలిపి, ఏ దిగినప్పుడు ఒకటి తీసివేసి, బీ లేచినప్పుడు మరొకటి తీసివేసి, బీ దిగినప్పుడు ఒకటి కలుపుతుంది. మొత్తం సున్నా. అక్షం నిమిషానికి 10 మీటర్ల వేగంతో పరుగెడుతూ ఉంటే కౌంటర్ కదలకుండా నిలబడుతుంది, సర్వో లూప్ అక్షం ఆగిపోయిందనుకుని ఇంకా గట్టిగా తోస్తుంది. ఫాలోయింగ్ ఎర్రర్ (కోరిన స్థానానికీ కౌంటర్ చూపే స్థానానికీ ఉన్న తేడా) హద్దు సరిగా పెట్టి ఉంటే యంత్రం అలారమ్‌తో ఆగుతుంది. ఆ హద్దును ఎవరైనా సదుపాయం కోసం పెంచి ఉంటే మాత్రం అక్షం చివరి స్టాపర్ దాకా వెళ్ళి గుద్దుకుంటుంది. వేగం సగానికి తగ్గిస్తే ఇదే వైరింగ్ ఏ దోషమూ చూపకుండా పనిచేస్తుంది, అందుకే జాగ్ చేసి (నెమ్మదిగా కదిపి) చూసి బాగుందని సంతకం పెట్టిన యంత్రం రాపిడ్‌లో దెబ్బతింటుంది.

పుల్‌అప్‌ను 470 ఓములకు తగ్గిస్తే ఆలస్యం 0.7 మైక్రోసెకన్లకు పడిపోతుంది, ట్రాన్సిస్టర్ దాదాపు 11 మిల్లీఆంపియర్లు భరించాలి. చాలా ఎన్‌కోడర్లు భరిస్తాయి, కౌంటింగ్ కూడా కుదురుతుంది. అయినా పక్కనే పోతున్న స్పిండిల్ కేబుల్ నుంచి వచ్చే నాయిస్‌కు ఇది తెరిచిన తలుపే. వోల్టేజిని ఒకే ఒక తీగ మీద, సున్నాతో పోల్చి కొలిచే ఏ పద్ధతికైనా ఈ లోపం తప్పదు, కాబట్టి ఒకే తీగ మీద వచ్చే టీటీఎల్ అవుట్‌పుట్‌కు కూడా ఇదే తీర్పు వర్తిస్తుంది. రెండు మూడు మీటర్లు దాటితే నేను వీటిని ఎంచుకోను.

చవక బ్రేకవుట్ బోర్డుల గురించి ఇక్కడే ఒక హెచ్చరిక. పీసీ817 వంటి సాధారణ ఆప్టోకప్లర్ (సిగ్నల్‌ను కాంతి ద్వారా దాటించే భాగం) లిమిట్ స్విచ్‌లకు చక్కగా సరిపోతుంది కానీ 83 కిలోహెర్ట్జ్‌ను దాటించలేదు. ఎన్‌కోడర్ ఇన్‌పుట్‌కు ఐసొలేషన్ కావాలంటే 6ఎన్137 వంటి వేగవంతమైన ఆప్టో ఉండాలి. బోర్డు మీద ఏది ఉందో చదివి చూసుకోకుండా కేబుల్‌ను నిందించకూడదు.

24 వోల్టుల పుష్‌పుల్

హెచ్‌టీఎల్ పేరుతో వచ్చే ఈ రకం అవుట్‌పుట్ తీగను పైకీ కిందికీ రెండు వైపులా బలంగా నెడుతుంది, సిగ్నల్ ఎత్తు సరఫరా వోల్టేజికి దగ్గరగా ఉంటుంది. అందువల్ల కొన్ని వోల్టుల నాయిస్ వచ్చినా స్థితి తారుమారు కాదు. ఎన్‌కోడర్‌కు 10 నుంచి 30 వోల్టుల మధ్య ఏ సరఫరా ఇచ్చినా చాలు కాబట్టి పొడవాటి తీగలో పడిపోయే వోల్టు, రెండు వోల్టుల గురించి బెంగ అక్కరలేదు. పీఎల్‌సీతో నడిచే కన్వేయర్లకు, స్పిండిల్ వేగం చూసుకోవడానికి ఇది మంచి ఎంపిక.

సర్వో అక్షానికి వచ్చేసరికి ఒక పరిమితి అడ్డం వస్తుంది. ప్రతి పల్స్‌లోనూ కేబుల్ కెపాసిటెన్స్‌ను 24 వోల్టులకు నింపి ఖాళీ చేయడానికి ఖర్చయ్యే శక్తి వోల్టేజి వర్గానికీ ఫ్రీక్వెన్సీకీ అనుపాతంలో పెరుగుతుంది. మన ఉదాహరణలో ఇది తీగకు సుమారు 0.14 వాట్లు; ఏ, బీ, వాటి వ్యతిరేక తీగలు కలిపి నాలుగింటికి 0.6 వాట్ల దాకా ఎన్‌కోడర్ లోపలి చిన్న చిప్‌లోనే వేడిగా మారుతుంది. మోటారు వెనక కవరులో ఇప్పటికే వేడిగా ఉన్న చోట ఈ అదనపు వేడి మంచిది కాదు. ఈ కారణంగానే తయారీదారులు ఈ రకానికి కేబుల్ పొడవు పెరిగేకొద్దీ అనుమతించే ఫ్రీక్వెన్సీ తగ్గే గ్రాఫు ఇస్తారు. కొనే ముందు ఆ గ్రాఫులో మీ పొడవు దగ్గర గీత గీసి చూడండి. ఇంకొక మాట: 5 వోల్టుల డిఫరెన్షియల్ ఇన్‌పుట్ ఉన్న కార్డుకు ఈ 24 వోల్టుల సిగ్నల్‌ను నేరుగా కలిపితే కార్డు కాలిపోవచ్చు.

ఆర్‌ఎస్-422 డిఫరెన్షియల్: నా మొదటి ఎంపిక

ఇందులో ప్రతి ఛానల్‌కు రెండు తీగలుంటాయి. ఒకటి లేచినప్పుడు రెండోది దిగుతుంది, రిసీవర్ ఆ రెంటి మధ్య తేడాను మాత్రమే చూస్తుంది. బయటి నాయిస్ మెలివేసిన జతలోని రెండు తీగల మీదా దాదాపు సమానంగా పడుతుంది కాబట్టి తేడాలో అది కనబడదు. ప్రమాణం ప్రకారం డ్రైవర్ 100 ఓముల లోడ్ మీద కనీసం 2 వోల్టుల తేడా ఇవ్వాలి, రిసీవర్ 200 మిల్లీవోల్టుల తేడాను గుర్తించాలి, రెండు తీగలూ కలిసి సున్నా నుంచి 7 వోల్టులు ఇటూ అటూ జరిగినా తట్టుకోవాలి. ఇచ్చినదానిలో పదో వంతు అందినా సరిపోతుందన్నమాట. 1200 మీటర్ల దాకా సెకనుకు 100 కిలోబిట్లు, పదిపన్నెండు మీటర్లకు 10 మెగాబిట్లు అన్నది ఈ ప్రమాణానికి వాడుకలో ఉన్న హద్దు. ఈ రెంటి మధ్యలో ఉన్న మన 30 మీటర్లు, 83 కిలోహెర్ట్జ్ ఎంతో సౌకర్యంగా ఇమిడిపోతాయి.

చేతిలో ఉన్నది ఓపెన్ కలెక్టర్ ఎన్‌కోడరే అయి, దాన్ని మార్చే వీలు లేకపోతే ఏఎం26ఎల్‌ఎస్31 వంటి లైన్ డ్రైవర్ చిప్ ఉన్న చిన్న బోర్డును ఒక డబ్బాలో బిగించి ఎన్‌కోడర్‌కు అర మీటరు లోపల పెట్టండి. ప్యానెల్ వైపు ఏఎం26ఎల్‌ఎస్32 రిసీవర్ గానీ, డిఫరెన్షియల్ ఇన్‌పుట్ ఉన్న కౌంటర్ కార్డు గానీ ఉంటుంది. లైనక్స్‌సీఎన్‌సీ అనే కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌తో వాడే మెసా కార్డులలో 7ఐ77 వంటివి ప్రతి ఎన్‌కోడర్ ఇన్‌పుట్‌నూ జంపర్‌తో టీటీఎల్‌గానో డిఫరెన్షియల్‌గానో ఎంచుకోనిస్తాయి. ఆ జంపర్ తప్పు స్థానంలో ఉండిపోవడం తరచుగా ఎదురయ్యే చిక్కు. డ్రైవర్ బోర్డును ప్యానెల్ దగ్గర, కౌంటర్ పక్కన పెట్టడం వల్ల మాత్రం ఏ ప్రయోజనమూ లేదు, ఎందుకంటే 30 మీటర్ల దెబ్బ అప్పటికే తగిలి ఉంటుంది.

టర్మినేషన్ రెసిస్టర్ గురించి కొంత వివరంగా చెప్పాలి. సిగ్నల్ కేబుల్‌లో మీటరుకు సుమారు 5 నానోసెకన్ల చొప్పున ప్రయాణిస్తుంది, 30 మీటర్లకు 150 నానోసెకన్లు. డ్రైవర్ అంచు అంతకన్నా చాలా త్వరగా లేస్తుంది కాబట్టి కేబుల్ చివర దానికి తగిన రెసిస్టర్ లేకపోతే అంచు వెనక్కి తిరిగి, మళ్లీ వచ్చి, అసలు అంచు పక్కన అలలుగా కనబడుతుంది. రెండు తీగల మధ్య, రిసీవర్ వైపు, 100 నుంచి 120 ఓములు పెడితే చాలు. సిగ్నల్‌ను డ్రైవ్‌కూ కంట్రోలర్‌కూ రెంటికీ ఇస్తున్నట్లయితే కేబుల్‌ను ఒకదాని నుంచి మరొకదానికి వరుసగా తీసుకెళ్లి, చివరిదాని దగ్గర మాత్రమే రెసిస్టర్ ఉంచాలి. ఎన్‌కోడర్ దగ్గరే రెండు శాఖలుగా చీల్చకూడదు.

సరఫరా వోల్టేజి ఎక్కడ పోతుంది

డిఫరెన్షియల్ ఎంచుకున్నాక కూడా వైఫల్యాలకు పెద్ద కారణం సిగ్నల్ కాదు, 5 వోల్టుల సరఫరా. ఎన్‌కోడర్ తనకు 120 మిల్లీఆంపియర్లు తీసుకుంటుందనుకోండి; మూడు ఛానళ్ల (ఏ, బీ, చుట్టుకు ఒకసారి పల్స్ ఇచ్చే జెడ్) టర్మినేషన్ రెసిస్టర్లకు ఒక్కోదానికి దాదాపు 25 చొప్పున మరో 75 కావాలి. ఈ కరెంటు కూడా ఎన్‌కోడర్ సరఫరా తీగల గుండానే వెళ్లాలన్న సంగతిని చాలామంది లెక్కలో వేసుకోరు. మొత్తం 200 మిల్లీఆంపియర్లు అనుకుందాం. 0.14 చదరపు మిల్లీమీటర్ల తీగకు మీటరుకు 0.123 ఓములు, వెళ్లేదీ వచ్చేదీ కలిపి 60 మీటర్లకు 7.4 ఓములు. అక్కడే 1.5 వోల్టులు పోయి ఎన్‌కోడర్‌కు 3.5 వోల్టులు మిగులుతాయి. తీగను 0.5 చదరపు మిల్లీమీటర్లకు పెంచితే 0.4 వోల్టులు పోయి 4.6 మిగులుతుంది, 10 శాతం తేడా ఒప్పుకునే ఎన్‌కోడర్‌కు ఇది చాలు, 5 శాతమే ఒప్పుకునేదానికి చాలదు. పేరున్న ఎన్‌కోడర్ కేబుళ్లలో సిగ్నల్‌కు 0.14 చొప్పున నాలుగు జతలు, సరఫరాకు 0.5 చొప్పున నాలుగు తీగలు ఎందుకుంటాయో ఈ లెక్కతో అర్థమవుతుంది. ఆ నాలుగింటిలో రెండు సెన్స్ తీగలు, అంటే ఎన్‌కోడర్ దగ్గరి వోల్టేజిని కంట్రోలర్‌కు తెలిపేవి. కంట్రోలర్‌కు సెన్స్ సదుపాయం లేకపోతే వాటిని సరఫరా తీగలకు సమాంతరంగా కలిపేయవచ్చు, అప్పుడు ఎన్‌కోడర్ దగ్గర 4.8 వోల్టులు కనబడతాయి.

ప్యానెల్ దగ్గర సరఫరాను 5.5కు పెంచి సరిపెట్టడం నాకు నచ్చని పద్ధతి; కనెక్టర్ మార్చినప్పుడో, పొట్టి కేబుల్‌తో పరీక్షించినప్పుడో ఆ అదనపు వోల్టేజి నేరుగా ఎన్‌కోడర్‌కు చేరుతుంది. కొత్తగా కొనేట్లయితే 10 నుంచి 30 వోల్టుల సరఫరా తీసుకుని ఆర్‌ఎస్-422 అవుట్‌పుట్ ఇచ్చే రకాన్నే అడగండి. పాతదే వాడుతున్నట్లయితే 24 వోల్టులు పంపించి, ఇందాక చెప్పిన డ్రైవర్ డబ్బాలోనే 5 వోల్టుల రెగ్యులేటర్ పెట్టుకోవచ్చు.

పాత యంత్రంలో ఇప్పటికే ఉన్న సైన్ సిగ్నళ్లు, రిజాల్వర్లు

1980, 90లలో వచ్చిన యూరప్ యంత్రాలలో అక్షం కదలికను నేరుగా కొలిచే గాజు స్కేళ్లు తరచుగా సైన్ రూపంలో సిగ్నల్ ఇస్తాయి. వాటిలో 11 మైక్రోఆంపియర్ల రకం మరీ సున్నితమైనది. దాన్ని దూరం తీసుకెళ్లకుండా స్కేలుకు దగ్గరలోనే ఇంటర్‌పొలేటర్ (ఒక్కో ఆవృత్తిని చిన్న భాగాలుగా విడదీసే పరికరం) పెట్టి చదరపు పల్స్‌లుగా మార్చడం ఉత్తమం. 1 వోల్టు పీక్ టు పీక్ రకం మాత్రం 120 ఓముల టర్మినేషన్‌తో, మంచి కేబుల్‌తో 30 మీటర్లు నిబ్బరంగా వెళ్తుంది. 20 మైక్రాన్ల ఆవృత్తి ఉన్న స్కేలు నిమిషానికి 10 మీటర్ల వేగంలో ఇచ్చేది 8.3 కిలోహెర్ట్జే. అదే స్కేలు దగ్గర 50 రెట్ల ఇంటర్‌పొలేషన్ చేసి పంపితే ఒక్కో ఛానల్ 417 కిలోహెర్ట్జ్ అవుతుంది, కౌంట్ 0.1 మైక్రాను. డ్రైవ్ సైన్ సిగ్నల్‌ను నేరుగా తీసుకోగలిగితే అలాగే వదిలేయండి. తీసుకోలేకపోతే ఇంటర్‌పొలేటర్ స్కేలు వైపే ఉండాలి, గుణకం అవసరమైనంతే ఉండాలి. 5 రెట్లతో వచ్చే 1 మైక్రాను కౌంట్ చాలా బోరింగ్ పనులకు సరిపోతుంది, ఛానల్ మీద 42 కిలోహెర్ట్జే ఉంటుంది.

ఎన్‌కోడర్‌కు బదులు షాఫ్టు కోణాన్ని సైన్ సిగ్నళ్లుగా చెప్పే రిజాల్వర్ ఉన్న మోటారును చూసి పాతదని తీసిపారేయవద్దని నా విన్నపం. అందులో తీగచుట్లే తప్ప ఎలక్ట్రానిక్స్ లేవు, నూనె, వేడి, అదురు దేనికీ లొంగదు, 5 వోల్టుల సరఫరా చింత లేదు, కొన్ని కిలోహెర్ట్జ్‌ల సైన్ సిగ్నల్ కాబట్టి పొడవాటి కేబుల్ దాన్ని బాధించదు. ప్యానెల్‌లో ఏడీ2ఎస్1210 వంటి చిప్ ఉన్న మార్పిడి బోర్డు పెడితే మామూలు ఏ, బీ పల్స్‌లు బయటికి వస్తాయి. దీని లోటు ఖచ్చితత్వంలో ఉంది. రిజాల్వర్ దోషం 10 ఆర్క్ నిమిషాలు అయితే, చుట్టుకు 5 మిల్లీమీటర్లు కదిలే అక్షం మీద అది 2.3 మైక్రాన్లు. సాధారణ మిల్లింగ్‌కు పట్టించుకోనక్కరలేదు. జిగ్ బోరింగ్‌కు ఇది చాలదు, స్కేలు తప్పదు.

సీరియల్ ఎన్‌కోడర్లు, దూరాన్నే తగ్గించే మార్గం

ఇప్పటిదాకా చెప్పిన పల్స్ పద్ధతులన్నింటిలోనూ ఒక సామాన్య బలహీనత ఉంది: తప్పు కౌంట్ ఒకసారి లోపలికి వస్తే అది అక్కడే ఉండిపోతుంది, తర్వాతి పొరపాటు దానికి తోడవుతుంది. బిస్-సీ, ఎన్‌డాట్ వంటి సీరియల్ పద్ధతులు ప్రతిసారీ పూర్తి స్థానాన్ని, దాని వెంట సీఆర్‌సీ తనిఖీ అంకెలను పంపుతాయి. నాయిస్ వల్ల ఒక ఫ్రేమ్ చెడితే కంట్రోలర్‌కు ఆ సంగతి తెలుస్తుంది, తర్వాతి ఫ్రేమ్‌లో సరైన స్థానం వస్తుంది. కేబుల్ ఆలస్యాన్ని సరిచేసే ఏర్పాటుతో ఎన్‌డాట్ 2.2 వంటివి 100 మీటర్ల దాకా వెళ్తాయి. పాత ఎస్‌ఎస్‌ఐ పద్ధతిలో పొడవు పెరిగేకొద్దీ క్లాక్ తగ్గించుకోవాలి, తనిఖీ అంకెలు మామూలుగా ఉండవు. మెసా కార్డుల ఫర్మ్‌వేర్ ఎస్‌ఎస్‌ఐ, బిస్, ఫానక్ సీరియల్ రకాలను చదవగలదు. కొత్త మోటారు, కొత్త డ్రైవ్ ఒకే తయారీదారు నుంచి కొంటున్నవారికి ఇదే మేలు, ఎందుకంటే ఆ జంట మధ్య కేబుల్ సంగతి తయారీదారే చూసుకుంటాడు. పాత మోటారును ఉంచుకునేవారికి మెకానికల్ కప్లింగ్, ఖర్చు రెండూ అడ్డు వస్తాయి.

ఇంకొక దారి, కౌంటర్‌నే ఎన్‌కోడర్ దగ్గరికి తీసుకెళ్లడం. ఈథర్‌క్యాట్ అనే పారిశ్రామిక నెట్‌వర్క్‌లో స్టేషన్ల మధ్య కేబుల్ 100 మీటర్ల దాకా ఉండవచ్చు, కేబుల్ చివర ట్రాన్స్‌ఫార్మర్ ఐసొలేషన్ ఉంటుంది, ప్యాకెట్‌కు తనిఖీ ఉంటుంది. బెకాఫ్ ఈఎల్5101 వంటి ఎన్‌కోడర్ టెర్మినల్‌ను యంత్రం కాలమ్ మీద మూసిన డబ్బాలో పెడితే 30 మీటర్ల పల్స్ కేబుల్ 2 మీటర్లకు తగ్గుతుంది. నాలుగైదు అక్షాలు, రెండు స్కేళ్లు, బోలెడన్ని లిమిట్ స్విచ్‌లు ఉన్న పెద్ద యంత్రానికి ఇది కేబుల్ ఖర్చులోనే చాలావరకు తీరుతుంది. ఒకే అక్షానికి ఇంత హంగు అవసరం లేదు.

ఎవరికి ఏది

మోటార్లు, డ్రైవ్‌లు అన్నీ కొత్తవైతే డ్రైవ్ కోరే సీరియల్ ఎన్‌కోడర్, తయారీదారు కేబుల్ తీసుకోండి. మోటారు పాతదే, ఎన్‌కోడర్ మారుస్తున్నారంటే, దూరం 5 మీటర్లు దాటిన ప్రతిచోటా 10 నుంచి 30 వోల్టుల సరఫరాతో ఆర్‌ఎస్-422 తీసుకోండి; ఇది చాలా వర్క్‌షాపులకు సరైన సమాధానం. రిజాల్వర్ బాగుండి, పని సహనం 10 మైక్రాన్లకు పైన ఉంటే దాన్ని కదిలించకండి. స్పిండిల్ వేగం చూపించడానికో, కన్వేయర్‌కో అయితే 24 వోల్టుల పుష్‌పుల్ హాయిగా చాలు. అయితే అదే స్పిండిల్ ఎన్‌కోడర్‌తో రిజిడ్ ట్యాపింగ్, థ్రెడింగ్ చేయాలనుకుంటే దాన్ని అక్షంగానే లెక్కించి డిఫరెన్షియల్‌కు మారండి.

కేబుల్, షీల్డ్

జతల విషయంలో ఒక పొరపాటు అన్ని చోట్లా కనబడుతుంది. ఏ (A) ఛానల్ తీగను దాని వ్యతిరేక తీగతోనే ఒక జతగా మెలివేయాలి. రంగులు కలిశాయని ఏను బీతో జత చేస్తే మెలిక వల్ల రావలసిన రక్షణ పోవడమే కాక, ఒక ఛానల్ అంచు రెండో ఛానల్ మీద గుచ్చుకుంటుంది. మల్టీమీటర్‌తో కంటిన్యుటీ చూస్తే అన్నీ సరిగానే ఉంటాయి కాబట్టి ఈ తప్పు బయటపడదు. కనెక్టర్ విప్పి కళ్లతో చూడవలసిందే. నెట్‌వర్క్ కేబుల్‌కు 100 ఓముల మెలివేసిన జతలుంటాయి కాబట్టి పరీక్షకు, కదలని చోట కొద్ది దూరానికి వాడుకోవచ్చు. గట్టి ఒంటి తీగ ఉన్న ఆ కేబుల్ డ్రాగ్ చైన్‌లో విరిగిపోతుంది, కూలెంట్ నూనెకు పైతొడుగు ఉబ్బుతుంది. చైన్‌లో వెళ్లే భాగానికి సన్నని పోగులతో అల్లిన, పాలీయురెథేన్ తొడుగు ఉన్న కేబుల్ తప్పనిసరి.

షీల్డ్‌ను ఒక వైపే ఎర్త్ చేయాలన్న పాత నియమం తక్కువ ఫ్రీక్వెన్సీ ఆడియో, థర్మోకపుల్ సిగ్నళ్లకు సంబంధించినది. స్పిండిల్ వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్) ప్రతి స్విచింగ్‌లోనూ మోటారు కేబుల్ కెపాసిటెన్స్ గుండా ఎర్త్‌లోకి విసిరే కరెంటులో మెగాహెర్ట్జ్‌ల అంశాలుంటాయి. వాటిని ఆపాలంటే షీల్డ్ రెండు చివర్లా, చుట్టూతా లోహాన్ని తాకేలా క్లాంప్‌తో బిగించాలి. షీల్డ్‌ను మెలితిప్పి 10 సెంటీమీటర్ల తీగగా టెర్మినల్‌కు కలిపితే 10 మెగాహెర్ట్జ్ దగ్గర అది సుమారు 6 ఓముల అడ్డు అవుతుంది. యంత్రం బెడ్‌కూ ప్యానెల్‌కూ మధ్య ఎర్త్ తేడా ఉంటుందని భయమైతే రెంటి మధ్య మందపాటి బాండింగ్ తీగ వేయండి, షీల్డ్‌ను తెంచకండి. ఎన్‌కోడర్ కేబుల్‌ను మోటారు కేబుళ్ల నుంచి కనీసం 100 మిల్లీమీటర్ల దూరంలో నడిపించి, దాటవలసి వస్తే అడ్డంగా దాటించాలి. విశాఖ వంటి తీర ప్రాంతాల్లో కనెక్టర్ పిన్నులు ఉప్పు గాలికి పాడవుతాయి కాబట్టి పొడవాటి కేబుల్ మధ్యలో అతుకులు పెట్టుకోకపోవడం ఇంకా అవసరం.

అప్పగించే ముందు పరీక్ష

సిగ్నల్ ఆరోగ్యాన్ని చెప్పే నమ్మకమైన కొలత జెడ్ నుంచి జెడ్‌కు వచ్చే కౌంట్. 2500 లైన్ల ఎన్‌కోడర్‌కు అది ప్రతి చుట్టుకూ సరిగ్గా 10000 ఉండాలి. నెమ్మదిగా ఒకసారి, పూర్తి రాపిడ్‌లో ఒకసారి, స్పిండిల్ పూర్తి వేగంలో తిరుగుతుండగా ఒకసారి, స్పిండిల్‌ను పదేపదే ఆపి నడుపుతూ ఒకసారి చూడండి. వేగం పెరిగినప్పుడు మాత్రమే కౌంట్ తగ్గుతుంటే అంచులు నిదానించాయన్నమాట. కేబుల్ కెపాసిటెన్స్, ఆప్టో, ఎన్‌కోడర్ దగ్గరి వోల్టేజి చూడాలి. వేగంతో పని లేకుండా స్పిండిల్ మొదలైనప్పుడల్లా మారుతుంటే అది నాయిస్. షీల్డ్, జతలు, టర్మినేషన్ చూడాలి.

ఒక్క ఛానల్ మీద పడిన నాయిస్ ముల్లు కౌంటర్‌ను ఒకటి ముందుకు తీసుకెళ్లి వెంటనే వెనక్కి తెస్తుంది కాబట్టి క్వాడ్రేచర్ కొంతవరకు తనను తానే సరిచేసుకుంటుంది. రెండు ఛానళ్లూ ఒకేసారి మారినప్పుడే కౌంట్ శాశ్వతంగా పోతుంది. అందుచేత కొద్దిసేపు నడిపి డయల్ గేజ్ సున్నాకు వచ్చిందని తృప్తిపడకూడదు. పూర్తి షిఫ్టు నడిచాకే అదే గేజ్‌ను మళ్లీ చూడాలి. మెసా కార్డు వాడేవారు ఫిల్టర్ పారామీటర్‌ను ఆన్‌లో ఉంచితే సిగ్నల్ 15 క్లాక్‌ల పాటు నిలిచినప్పుడే మార్పుగా లెక్కవుతుంది, ఆఫ్‌లో 3 క్లాక్‌లు చాలు. ఆ ఫిల్టర్ ఆన్‌లో ఉంటేనే కౌంట్ సరిగా వచ్చి, ఆఫ్ చేయగానే తప్పుతున్నదంటే వైరింగ్ ఇంకా అంచున ఉందని గ్రహించి, ఎన్‌కోడర్ వైపు నుంచి మళ్లీ మొదలుపెట్టి, వోల్టేజి, జతలు, షీల్డ్ క్లాంప్, టర్మినేషన్ అదే వరుసలో సరిచూశాకే యంత్రాన్ని ఆపరేటర్‌కు అప్పగించండి.